మిట్టమధ్యాహ్నం గడియ పడ్డ తలుపు

నిన్న కోరాపుట్‌లో ఎండ కాసింది. వర్షాకాలంలో ఈ ఊళ్ళో ఎండ కాయడమంటే చెప్పాపెట్టకుండా చుట్టం దిగినట్టే. చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి బయటికి పరిగెత్తాలి. మా పుట్టింటి గోడ మీద పరుపులు, మెట్ల మీద దిండ్లు, తీగ మీద పట్టుచీరలు, అరుగు చివర బూజు పట్టిన చెప్పులు బారులు తీరాయి. ట్రంకుపెట్టె అడుగున నాఫ్తలీన్ ఉండల మధ్య నుంచి ఒక ఉన్నిటోపీ బయటపడింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారలు, చెవుల మీదికి వేలాడే రెండు రెక్కలు, వాటి కొసల్లో జడకుచ్చుల్లాంటి కుచ్చులు. నెత్తిన పెట్టుకుని అద్దం కోసం వెతుక్కునేలోపే మా అమ్మ లాగేసుకుంది. "నీది కాదే అది, తియ్యి! దీనికోసం నాను ఎంత ఎండలో నిలబడ్డానో నీకేటి తెలుసు? నువ్వు లోపల గుర్రెట్టి తొంగున్నావు" అంది. నిజమే. ఆ మాట ఆవిడ ఎప్పుడు ఎత్తినా నాకు సిగ్గుకి బదులు నవ్వొస్తుంది.

కోరాపుట్ కొండ మీది ఊరు, మా అత్తవారి రాయగడ కొండ కింది ఊరు. నడుమ ఒక పూట రైలు ప్రయాణం, బోలెడు సొరంగాలు. కొండ మీద పొద్దున మంచు, సాయంత్రం చలి, నడివేసవిలో కూడా మూడు దాటితే ఉరుములు. అందుకని ఇక్కడ పలకరింపులకీ పెత్తనాలకీ మిట్టమధ్యాహ్నమే మంచి వేళ. ఆ అలవాటుతోనే నేను కాపురానికి వెళ్ళిన మొదటి వేసవిలో ఒంటిగంటకి పక్కింటి తలుపు తట్టాను. ఆ ఇల్లాలు ఎవరైనా పోయారేమోనని ఏడుపు మొహంతో వచ్చి తలుపు తీసింది. రాయగడలో ఆ వేళకి కాకి కూడా అరవదు. మా అత్తగారింట్లో అయితే అది చట్టం. పన్నెండున్నరకల్లా పఖాళ, అంటే నీళ్ళలో నానిన చద్దన్నం, వేయించిన వడియాలతో పచ్చి ఉల్లిపాయ నంజుకుని తినేసి వీధి తలుపు గడియ వేసేవారు. ఫోన్లన్నీ నోరు నొక్కేసి వంటింటి బుట్టలో పడేసేవారు. తర్వాత కూలర్ వేసేవారు. మా మావగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు కదా, ఆ కూలర్ కూడా గూడ్సుబండిలాగే మోగేది. "కలెక్టరొచ్చినా సరే, తలుపు నాలుక్కే తీసేది" అనేవారు అత్తగారు. మొదటి వేసవంతా కళ్ళు తెరుచుకుని పంకా రెక్కలు చూస్తూ పడుకున్నాను. రెండో వేసవికి అందరికంటే ముందు గుర్రు పెట్టేది నేనే.

ఇంతలో నా పెళ్ళిలో మొదలైన ఇంకో వ్యవహారం ముదిరింది. మా తమ్ముడికీ మా ఆడపడుచుకీ మనసులు కలిశాయి. రెండిళ్ళలోనూ ఎవరికీ కులం మీద గానీ, ఉద్యోగం మీద గానీ అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా వాతావరణం మీదే! "ఆ ముసురులో నా కూతురికి బట్టలారవు, జుత్తారదు. పిల్లకి బూజట్టేస్తాది" అని మా అత్తగారు. "మధ్యాన్నం తొంగునే పిల్లొస్తే, వానొచ్చినప్పుడు ఆరేసిన బట్టలెవలు తీస్తారు?" అని మా అమ్మ. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆ నవ్వులాట మధ్య మా ఆడపడుచు అన్నం సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయేది. రెండు వైపులా మాటలు మోసే నాకు ప్రాణం విసిగిపోయేది. చివరికి వైశాఖంలో మా అమ్మానాన్నలు స్వయంగా వచ్చి, అవునో కాదో తేల్చుకుంటామన్నారు. సాయంత్రం రైలుకి దిగుతామని కబురు.

అప్పట్లో మా మేడమీద వాటాలో ఒక పరదేశపు పిల్ల అద్దెకుండేది. కర్మాగారంలో కొత్త యంత్రం బిగించడానికి వచ్చిన బృందంలో మనిషి. దేశం పెరూ, భాష స్పానిష్. చామనఛాయ, నల్లటి జడ. మా వీధివాళ్ళు మొదట పార్వతీపురం పిల్లనుకున్నారు. కర్మాగారంలో ఏసీ గదిలో కూర్చునేటప్పుడు వాళ్ళమ్మ అల్లిన ఈ చెవుల టోపీ పెట్టుకునేది కాబట్టి మా అత్తగారు 'టోపీ అమ్మి', అంటే టోపీ పిల్ల, అని పేరు పెట్టారు. ఆ అమ్మి వచ్చీరాని హిందీలో చెప్పినదేమంటే, వాళ్ళ నాన్నది ఎండలు మండే ఊరు, మధ్యాహ్నం తలుపులన్నీ మూతే. వాళ్ళమ్మది మంచు పడే కొండ, అక్కడ మధ్యాహ్నమే జనమంతా వీధిలో. స్పానిష్ మాట్లాడే దేశాల్లో ఎక్కడికెళ్ళినా భాష ఒకటేనట గానీ, పగలు మాత్రం ఏ ఊరి ఎండని బట్టి ఆ ఊరిదట. మా అత్తగారు అందులో నాన్న ఊరు మాత్రమే చెవిన వేసుకున్నారు. "సూసేరా! సముద్రాలవతల కూడా బుద్ధిమంతులున్నారు" అని వీధంతా చాటింపు వేశారు. అమ్మ ఊరి సంగతి ఆవిడకి వినపడనే లేదు.

ఇక ఆ రోజు సంగతి. సాయంత్రం రైలంటే కొండ మీద ఉరుముల వేళకి బయల్దేరాలి. "వానకి ముందే దిగిపోదాం" అని మా అమ్మ నాన్నని తొందరపెట్టి పొద్దున్నే జీపెక్కించేసింది. మా పెళ్ళి మాఘంలో జరిగింది, తర్వాత వాళ్ళు వచ్చిందంతా చలికాలంలోనే. నడివేసవి రాయగడలో మధ్యాహ్నం పడుకుంటారని వినడమే గానీ, ఊరంతా ఇలా గడియ పెట్టేస్తుందని వాళ్ళెరగరు. ఒంటిగంటకి, మిఠాయి బుట్టతో, వచ్చి తలుపు తట్టారు. మా నాన్న ఫోన్ చేస్తే బుట్టలో పడున్న నా ఫోన్ పలకలేదు. కూలర్ మోతలో మేమెవరం కదల్లేదు. పక్కిళ్ళూ అంతే. అమ్మ నెత్తిన కొంగు కప్పుకుని కొంతసేపు చూసి, "ఇంటికొచ్చినోళ్ళకి తలుపు తియ్యనోళ్ళతో ఇంకేటి వియ్యం? పద, పోదాం" అని వెనక్కి తిరిగిందట. మా తమ్ముడి పెళ్ళి ఆ మెట్టు మీద అక్కడికక్కడే పెటాకులై ఉండేది. కానీ ఆ రోజు ఆదివారం. టోపీ అమ్మికి సెలవు. తలుపు చప్పుడు విని మేడమీంచి తొంగిచూసి, చెప్పుల్లేకుండా ఆ కాలే మెట్ల మీద గెంతుకుంటూ దిగివచ్చి, మా అమ్మ చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయింది.

తరువాతిదంతా మా నాన్న చెప్పగా విన్నదే. ఆ అమ్మి కుండలో నీళ్ళిచ్చి, ఫోన్లో వాళ్ళమ్మ ఊరు చూపించిందట. మిట్టమధ్యాహ్నం గోడకి ఆనుకుని వరసగా కూర్చుని ఎండ కాచుకుంటున్న ముసలమ్మలు, అందరి నెత్తినా ఇలాంటి టోపీలే. పొలంలో గడ్డి మీద పరిచిన బంగాళాదుంపలు: రాత్రి మంచుకి గడ్డ కట్టించి, పగలు కాళ్ళతో తొక్కి ఎండబెట్టుకుని ఏళ్ళతరబడి దాచుకుంటారట. "ఓలమ్మో, మంచులో ఒడియాలెడతన్నారే!" అని మా అమ్మ సగం కోపం అక్కడే మరిచిపోయింది. తర్వాత నాన్న ఊరి వీధి: అదే మధ్యాహ్నం, ఒక్క తలుపు తీసి లేదు. వాళ్ళమ్మ కొత్త కోడలిగా ఆ వీధిలో మెట్టు మీద కూర్చుని ఏడ్చిందట, నన్ను ఈ ఇంట్లో ఎవరూ రానివ్వరని. లోపల అత్తగారు నిద్రపోతోందట, పాపం, ఏమీ ఎరగదు. మా నాన్న ఆ హిందీని తెలుగులో చెప్పేసరికి అమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి మురిసిపోయి ఆ అమ్మి తన చెవుల టోపీ తెచ్చి, నీకే అంటూ మా అమ్మ నెత్తిన పెట్టేసింది. వైశాఖమాసం, రాయగడ, ఒంటిన్నర, ఉన్నిటోపీ!

నాలుగింటికి అత్తగారు గడియ తీసి, కళ్ళాపి చెంబుతో బయటికి వచ్చి, మేడమెట్ల దగ్గర మా నాన్న చెప్పులు చూశారు. చెంబు అక్కడే పడిపోయింది. "ఓలమ్మ ఓలమ్మ! వొదినా! నిన్ను ఎండలో నిలబెట్టేసి నాను తొంగున్నానేటి!" అంటూ మజ్జిగ తపేలా చంకనెత్తుకుని మేడెక్కారు, వెనకాల నేను, నా వెనకాల మొహం పాలిపోయిన ఆడపడుచు. టోపీతో కూర్చున్న మా అమ్మని చూసి ఆవిడ తపేలా అక్కడే దింపేశారు. "ఊరుకో వొదినా. మా ఊళ్ళో చలి, మీ ఊళ్ళో ఎండ. తలుపుదేటుంది?" అంది మా అమ్మ. నాకు ఏడుపొచ్చేసింది. తన వైపు నుంచి సరేనంది కూడా. కానీ మా అత్తగారు అంత తేలిగ్గా పడే మనిషా? "నాను ముసురులో వొచ్చి సూస్తాను. సూసే సెప్తాను" అన్నారు. ఆడపడుచు గిర్రున తిరిగి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

శ్రావణంలో అత్తగారూ నేనూ బయల్దేరాం. కొండ మీద వానకి రైలు ఆలస్యమై, కోరాపుట్‌లో దిగేసరికి దీపాలు పెట్టేశారు. తుంపర, మంచు, చలి. కొండ మీద ఆ వేళకి అన్ని తలుపులూ మూసి పొయ్యి పక్కన చేరతారు. ఆటోలో అత్తగారు శాలువా బిగించుకుంటూ, మూసి ఉన్న ఒక్కొక్క తలుపునీ చూస్తూ, "ఏటే అమ్మి, ఈ ఊరోళ్ళు సందేలే గడియెట్టేస్తారేటి?" అని గొణిగారు. మా వీధి మలుపు తిరిగాం. వీధంతా చీకటి, ఒక్క ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. మంచు ఆ ఇంటి దీపం వెలుగులోంచి తిన్నగా ఇంట్లోకి పోతోంది. గడపలో పీట వేసుకుని, చెవుల టోపీ పెట్టుకుని, వణుకుతూ మా అమ్మ.

"తలుపు తీసేసి కూకున్నావేటి వొదినా, సలంతా ఇంట్లోకొచ్చేస్తన్నాది!" అన్నారు అత్తగారు.

"రానీ. మీరొచ్చీసరికి మూసుంటే బాగోదు కదా" అంది మా అమ్మ.

అత్తగారు గుమ్మంలోనే నా వైపు తిరిగి అన్నారు: "అమ్మి, రేపు బజారుకెళ్ళి మీ ఆడపడుసుకి రెండు స్వెట్టర్లు కొనేద్దాం. మందంవి."

నిన్న ఎండలో పట్టుచీరలు తిరగేసింది ఇప్పుడు మా ఇంటి కోడలైన ఆ ఆడపడుచే. మధ్యాహ్నం తను నిద్రపోదు. నిద్రపోయేది కూతురింటికి వచ్చిన మా అత్తగారు, రెండు దుప్పట్లు కప్పుకుని, ఠంచనుగా పన్నెండున్నరకి. నిన్న ఆ వేళకి మా అమ్మ నా దగ్గర లాక్కున్న టోపీ పెట్టుకుని అరుగు మీద ఎండ కాచుకుంది. నడుమ వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది గానీ గడియ పడలేదు. గోడ గడియారం ఇద్దరికీ ఒకటే చెబుతుంది. ఒకావిడకి అది పొద్దు గుంకిన వేళ, ఇంకొకావిడకి పొద్దు పొడిచిన వేళ.