తేలని మంద లెక్క

మార్కాపురంలో నాకు డిగ్రీలో ఫిజిక్స్ చెప్పిన సారు మొన్న ఆదివారం పోయారు. కిడ్నీలు చెడి చాలాకాలంగా డయాలసిస్ మీదే ఉన్నారు. ఆయన భార్య ఫోన్ చేసి, "మీ సారు పోయినారు నాయనా. ఆ లెక్క తేలకుండానే పోయినారు" అని పెట్టేశారు.

ఆ లెక్కేమిటో మీకు చెప్పాలి. గొర్రెల మంద గానీ చేపల గుంపు గానీ, తమంతట తామే కదిలేవి గుంపుగా పోతుంటే దూరం నుంచి నీళ్లు పారినట్టుంటుంది. ఒక్కో గొర్రె పక్కవాటిని చూసి ఎలా తిరుగుతుందో రాసుకుని, అక్కడి నుంచి మంద మొత్తం ప్రవాహానికి సమీకరణం రాబట్టాలి. అందుకు మామూలుగా ఒకటి అనుకుంటారు: ఎదురుపడిన రెండింటికీ అంతకుముందు ఏ సంబంధమూ లేదని. అది ఒప్పుకుంటే దారి సులువు.

సారు ఒప్పుకోలేదు. తర్లుపాడు దగ్గర గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన మనిషి. "నిన్న ఏది పక్కన మేసిందో నేడూ దాని పక్కనే మేస్తాది. సంబంధం లేకపోయేదేంది?" అనేవారు. లెక్కలన్నీ పలక మీదే చేసేవారు. తప్పని తేలితే తడిగుడ్డతో మొత్తం తుడిచి, టీ తాగి, మళ్లీ మొదటి నుంచి. క్లాసులో మాకూ అదే శిక్ష. చివరి రెండు వరసలు సరిచేసుకుంటామంటే వినేవారు కాదు. ఆ మొండితనానికి అప్పుడు తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు నేను ఈ పరిశోధనలో ఉన్నానంటే దాని పుణ్యమే.

పోయిన వేసవిలో డయాలసిస్ మంచం పక్కన కూర్చుని బతిమాలాను.

"సార్, ఆ ఒక్కటి అనుకుని పరిశోధన పేపరు రాసేద్దాం. మీరుండగా మీ పేరు అచ్చులో చూడాలని ఉంది."

సూదులు గుచ్చిన చెయ్యి కదపకుండా నవ్వారు.

"అట్ల రాస్తే అవి గొర్రెలు కావురా, గోలీలు. వాటి మీద నా పేరెందుకు?"

పేపరు రాలేదు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది, ఎవరి మీదో తెలియదు.

తర్లుపాడు దారిలో పాడె వెనక నడుస్తుంటే ఎదురుగా ఒక మంద వచ్చింది. గొర్రెలు రెండుగా చీలి మాకు దారిచ్చాయి. మేం దాటగానే కలిసిపోయి, దుమ్ము లేపుకుంటూ సాగిపోయాయి. ఒకటి మాత్రం రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. మీద పడుతున్న గొర్రెలను తోసుకుంటూ, అటూ ఇటూ తిరుగుతూ, తన పక్కనుండాల్సిన దానికోసం అరుస్తోంది.

"సార్, చూడండి" అంటూ పాడె వైపు తిరిగాను.