కాలితో తొక్కాల్సిన డబ్బా

ప్రతి ఏడూ మా పాలిటెక్నిక్‌లో కొత్త పిల్లలకు సోల్డరింగ్ నేర్పే వారం ఒకటి వస్తుంది. ఇరవై ముప్పై ఐరన్లు ఒక్కసారి వేడెక్కి, సీసపు తీగలో ఉండే గుగ్గిలం లాంటి జిగురు కాలి, కిటికీలన్నీ బార్లా తెరిచినా పోని పొగ గదంతా కమ్ముకుంటుంది. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే కోపం వస్తుంది. పిల్లల మీద కాదు, పొగ మీదా కాదు. కోవిల్‌పట్టిలో మా ఇంటి వెనక పంచలో, పద్నాలుగేళ్ల పిల్లగా నేను చేసిన ఒక డబ్బా మీద, దాని చుట్టూ చేరిన మనుషుల మీద. ఆ కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. అది ఎవరి మీద పెట్టుకోవాలో నాకు బాగా తెలుసని మొన్నటిదాకా అనుకున్నాను.

మా పొలాలు కళుగుమలై దారిలో, నల్లరేగడిలో. మా చదువుల కోసం కోవిల్‌పట్టిలో కాపురం పెట్టారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తెలుగులోకీ ఆ తమిళం దూరి, 'నేనే' అనాల్సిన చోట 'నేను దా' అంటాం. ఆ తెలుగుకు మా ఇంట్లో ఎవరికీ అక్షరాలు రావు. నేను కూడా ఉద్యోగంలో చేరాకే కూడబలుక్కుని నేర్చుకున్నాను. దసరా వచ్చే పురటాసి నెలలో మొదటి వాన పడిందంటే నాయన విత్తనాలకు పొలం వెళ్లి, చెప్పుల కింద జానెడు మందాన మట్టి అంటించుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చేవాడు. వాకిట్లో కూర్చుని ఆ మట్టిని పుల్లతో గీకడం నా పని. మా వీధిలోని అగ్గిపెట్టెల కార్ఖానా ఆడవాళ్లు ఎండకు పోసిన పుల్లల మీద గోనెపట్టాలు కప్పుతూ, వానను తిట్టుకుంటూ పరుగులు తీసేవాళ్లు. అవ్వ పెనం మీద సజ్జరొట్టె కాల్చి, వేడి మీదే తాటిబెల్లం తురిమి చేతిలో పెట్టేది. ఆ బెల్లం కరిగి మోచేతి దాకా కారుతుంటే నాక్కుంటూ, చింతగింజలతో వామనగుంటలు ఆడేవాళ్లం.

అవ్వ అంటే మా నాయనమ్మ. ఆవిడకు కాళ్ల పట్టింపు ఎక్కువ. కాళ్లు నొప్పని కాదు, ఎవరి కాలు దేనికి తగులుతుందోనని. చేటకు తగలకూడదు, గింజలు కొలిచే పడికి తగలకూడదు, పుస్తకానికి, పాత పేపరు ముక్కకు, కుట్టు మిషనుకు, చివరికి టీవీ రిమోట్‌కు కూడా తగలకూడదు. తగిలిందా, వెంటనే వంగి వేళ్లతో ముట్టి కళ్లకద్దుకోవాలి. నాకూ అన్నకూ నడక ఎంత అలవాటో అదీ అంతే అలవాటయింది. నిద్రలో కాలు దేనికో తగిలితే నిద్రలోనే చెయ్యి కళ్లమీదికి పోయేది.

అన్న పేరు శీను. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. ప్లస్ టూ అయ్యాక కాలేజీకి పోనని భీష్మించుకుని, మదురైలో ఎవరో మోజు తీరి వదిలించుకున్న ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి తెచ్చుకున్నాడు. నేర్పేవాళ్లు లేరు. రేడియోలో పాట వస్తుంటే పక్కన కూర్చుని, తల వంచి, ఒక్కో స్వరమూ తీగ మీద వెతుక్కుంటూ, దొరికినప్పుడు తలెత్తి నా వంక చూసేవాడు. ఆ చూపు కోసం నేను హోంవర్కు మానేసి పంచలో కూర్చునేదాన్ని. ఎడమచేతి వేళ్ల కొసలు కాయలు కాచి రాళ్లలా ఉండేవి, వాటితో నా నెత్తిన మొట్టేవాడు.

విరుదునగర్‌లో పెళ్లిళ్లకూ పండగలకూ పాటకచ్చేరీలు చేసే బృందం ఒకటుండేది. దాని కీబోర్డు మాస్టరు అన్న వాయింపు విని మెచ్చుకున్నాడు, కానీ ఒక మెలిక పెట్టాడు. ఇప్పటి పాటల్లో గిటార్ గరగరలాడుతూ రావాలి, ఈ సాదా మోత చాలదు, విజయదశమి సాయంత్రం మా కచ్చేరీకి, కాలితో తొక్కితే ఆ గరగర తెచ్చే పెడల్ తెచ్చుకుని వాయించు, బాగుంటే నువ్వు మావాడివి అన్నాడు. నాయన తన వంతు మెలిక తను పెట్టాడు. దసరా దాకా చూస్తాను, కుదరకపోతే విరుదునగర్‌లోనే మామ మిరపకాయల మండీలో కూర్చోవాలి అన్నాడు. అన్న బతుకంతా ఆ ఒక్క సాయంత్రం మీద ఆగింది. కొనే పెడల్ మాకు అందేది కాదు. నేను చేస్తానన్నాను. బడిలో సైన్సు ఎగ్జిబిషన్‌కు కాలింగ్ బెల్ చేసి బహుమతి తెచ్చుకున్న పిల్లను, నాకు రానిదేముందని పొగరు.

బ్రౌజింగ్ సెంటర్‌లో సర్క్యూట్ బొమ్మ దొరికింది. అచ్చు తీస్తే కుడి అంచు తెగిపోయి, ఒక రెసిస్టర్ విలువ కాగితం బయటికి పోయింది. మళ్లీ తియ్యమంటే సెంటర్ అతను సరిగ్గా అలాగే మళ్లీ తీశాడు. మూడోసారి అడిగితే విసుక్కున్నాడు. సరే, ఒక్క విలువే కదా, వెతుక్కోలేనా అనుకున్నాను. ఆ ఒక్క విలువ నన్ను మూడు వారాలు ఏడిపించింది. పెట్టిన ప్రతి రెసిస్టర్‌కూ ఒక్కో రోగం: ఒకదానికి దోమ పాట, ఒకదానికి తుమ్ము, ఒకదానికి అసలు ఏమీ లేదు. సూత్రం చెప్పుకుంటే చాలా తేలిక. గిటార్ నుంచి వచ్చే సన్నని శబ్దాన్ని బాగా పెంచితే, పొంగొచ్చే వేళకు రెండు డయోడ్లు దాని నెత్తి కోసేస్తాయి, ఆ కోత వల్ల గరగర పుడుతుంది. సూత్రం ఎప్పుడూ తేలికే. రేడియో రిపేరు అంగడాయన ఇచ్చిన డయోడ్లలో సగం చచ్చినవి. సోల్డర్ పెడితే ఊడేది, ఊడదీయబోతే అంటుకునేది. చివరి గంట ఏ మేడమ్‌ది, ఏ పాఠం అన్నది కూడా తెలియకుండా బడి నుంచి పరిగెత్తుకొచ్చి, వేళ్లు కాల్చుకుని, పరికరాలు విసిరికొట్టి, మళ్లీ ఏరుకునేదాన్ని.

అవ్వ చేటలో మినుములు చెరుగుతూ చూసేది.

"ఇది ఏంది పాపా, పాటకు కారం ఏస్తుందా?" అని అడిగింది ఒకరోజు.

ఆ పెడల్ గురించి ఇంత సరైన మాట నేను తరవాత ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ రోజు మాత్రం విసుగ్గా పక్కకు తిరిగి కూర్చున్నాను.

చివరికి విలువ దొరికింది, శబ్దం వచ్చింది, దానితో పాటే గుంయ్‌మని మోత కూడా వచ్చింది. ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో పెట్టాను కాబట్టి ఇంట్లోని కరెంటు తీగల రొద అంతా దూరింది. కరెంటు పోతే మోత ఉండదు, కానీ ఆంప్లిఫయరూ ఉండదు. ఇనుమో అల్యూమినియమో కావాలి. నా బడి అన్నం డబ్బా తీసుకున్నాను. పులిహోర వాసన ఎంత కడిగినా పోలేదు. మూతకు బెజ్జాలు పొడిచి, పాత టేప్‌రికార్డర్ నుంచి ఊడబెరికిన నొక్కుడు స్విచ్చు బిగించాను. లోపల సర్క్యూట్ మూతకు తగలకుండా కార్ఖానా నుంచి అగ్గిపెట్టెల అట్ట అడిగి తెచ్చి అడ్డం పెట్టాను. సరస్వతీ పూజకు నాలుగు రోజుల ముందు అది పనిచేసింది. పీట మీద డబ్బా పెట్టుకుని, మంచం మీద కూర్చుని, అన్న తీగ మీటి, వంగి బొటనవేలితో స్విచ్చు నొక్కాడు. పెనంలో వేరుశెనగలు వేగినట్టు గరగరమంటూ పంచంతా నిండింది. అన్న తలెత్తి నా వంక చూశాడు. ఆ నాలుగు రోజులూ మా ఇద్దరికీ ఆకలి కూడా గుర్తులేదు.

పూజ ముందురోజు ఇల్లు కడిగి, తలుపులకు పసుపు రాసి, అమ్మ బొరుగులూ పుట్నాలూ బెల్లమూ కలిపి పెద్ద పళ్లెంలో పోసింది. పూజనాడు పొద్దున్నే నాయన ట్రాక్టరుకు అరటి పిలకలు కట్టాడు. కొడవళ్లు, పడి, కుట్టు మిషను, మా పుస్తకాలు అన్నీ పటం ముందు చేరాయి. నేను స్నానం చేసి వచ్చేసరికి నా సోల్డరింగ్ ఐరన్, మీటరు, పెడల్ కూడా అక్కడే ఉన్నాయి. అవ్వ ఒక్కోదానికీ మూడు చందనపు చుక్కలు, వాటి మీద కుంకుమ పెట్టింది; బొట్టును మేం పొట్టు అంటాం. పెడల్ స్విచ్చు మీద ఇంకొంచెం శ్రద్ధగా పెట్టింది. పటం ముందు పెట్టినదాన్ని మర్నాడు మళ్లీ పూజ చేసేదాకా ముట్టకూడదు. బతిమాలాను, ఏడ్చాను, అన్నం తిననన్నాను. ఆ రోజంతా డబ్బా పూల కింద కూర్చుంది.

మర్నాడు పూజ కాగానే లాక్కున్నాను. చందనం ఎండి, మూత మీది శబ్దం పెంచే బిరడా తిరగడం లేదు. గుడ్డతో తుడవబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది. ఆ తరవాత అన్నతో మెల్లగా చెప్పింది.

"పొట్టు పెట్టిండేదాన్ని కాలుతో తొక్కగూడదు నాయనా. చేత్తో నొక్కు."

అన్న తలూపాడు. నాకు ఒళ్లు మండింది. విరుదునగర్ బస్సులో సాత్తూరు దాటేదాకా వాదించాను.

"తొక్కేదానికి దా ఇది చేసింది. చేత్తో నొక్కేదానికి ఇంత కష్టం ఎందుకు?"

"నాకూ తొక్కేదానికి మనసు రాదు పాపా," అన్నాడు అన్న, కిటికీ బయటికి చూస్తూ.

కచ్చేరీ ఒక లారీ షెడ్డులో. లారీలన్నిటికీ దండలు, వాకిట్లో కుంకుమ నింపి పగలగొట్టిన గుమ్మడికాయల ఎర్రటి ముక్కలు, పక్క అంగట్లో నూనెలో మునిగి వేగుతున్న పరోటాలు, గాలిలో మిరపకాయల ఘాటు. నాయన, నేను ముందు వరసలో కూర్చున్నాం. మొదటి గిటార్ పాటలో తన వంతు రాగానే అన్న మీటడం ఆపి, వంగి, చేత్తో నొక్కి, లేచి, మళ్లీ అందుకున్నాడు. అందుకునేసరికి పాట ముందుకు పోయింది. కానీ ఆ గరగర వచ్చినప్పుడు జనం వెనక్కి తిరిగి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. నా డబ్బా అది. రెండో పాటలో ఆ గరగరను నాలుగుసార్లు వెయ్యాలి, నాలుగుసార్లు ఆపాలి. రెండోసారి వంగినప్పుడు మాస్టరు కీబోర్డు మీద నుంచే, కాలితో తొక్కరా అని తమిళంలో కసిరాడు. అన్న చెప్పు విడిచాడు. డబ్బాను వేళ్లతో ముట్టి కళ్లకద్దుకున్నాడు. తరవాత వట్టి పాదం దాని మీద పెట్టి నొక్కాడు.

అన్నం డబ్బా మూత లోపలికి కూరుకుపోయింది. టేప్‌రికార్డర్ స్విచ్చు విరిగింది. అగ్గిపెట్టెల అట్ట చీలి సర్క్యూట్ మూతకు తగిలింది. గిటార్ పూర్తిగా మూగబోయింది. అన్న వంగి, గిటార్ వైరును డబ్బా నుంచి ఊడదీసి నేరుగా ఆంప్లిఫయర్‌కు తగిలించేసరికి పాట అయిపోయింది. తరవాతి పాటకు మాస్టరు అతనికి సైగ చెయ్యలేదు, ఆ తరవాతా చెయ్యలేదు. మరుసటి వారం అన్న మామ మండీలో కూర్చున్నాడు.

నేను అవ్వతో నెల రోజులు మాట్లాడలేదు. మాట్లాడిన రోజున, ఆ ఒక్క రోజు డబ్బా నా చేతిలో ఉంటే తొక్కి సరిచూసుకునేదాన్ని అన్నాను. అవ్వ ఎదురు చెప్పలేదు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ నేను అదే చెప్పాను, కాలేజీలో స్నేహితులకు చెప్పాను, పెళ్లయ్యాక అత్తవారింట్లో చెప్పాను. నవ్వించేలా చెప్పడం కూడా నేర్చుకున్నాను. పొట్టు పెట్టిన పెడల్ కథ అంటే మా స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు.

మొన్న విరుదునగర్ వెళ్లినప్పుడు మండీలో అన్న కూతురికి అదే కథ చెబుతున్నాను. అన్న మిరపకాయల బస్తాలో చెయ్యి పెట్టి రంగు చూస్తున్నాడు. ఎప్పుడూ మధ్యలో మాట్లాడనివాడు ఆ రోజు తల ఎత్తకుండానే అన్నాడు.

"పూజకు ముందర నాలుగు దినాలు అది నీ చేతిలో దా ఉండింది పాపా. ఒగ తూరన్నా కాలు పెట్టి చూస్తివా?"

లేదు. పీట మీద పెట్టాను, మంచం మీద పెట్టాను, ఒళ్లో పెట్టుకున్నాను. బొటనవేలితో వందసార్లు నొక్కాను. అది నేల మీద ఉండాల్సిన వస్తువని ఒక్కసారి కూడా నేల మీద పెట్టలేదు. మనిషి కాలికి ఆ మూత ఆగుతుందా అన్న ఆలోచనే నాకు రాలేదు. అవ్వ పొట్టు పెట్టకముందే నేను దాన్ని చేత్తో ముట్టే వస్తువుగా చేసి పెట్టాను. ఆ మాట అన్నకు ఆ సాయంత్రమే తెలుసు. ఇన్నేళ్లూ నాకు చెప్పలేదు.

రేడియో రిపేరు అంగడి ఇప్పుడు లేదు, బ్రౌజింగ్ సెంటరూ లేదు, లారీ షెడ్డు ఉన్న చోట కల్యాణ మండపం వచ్చింది. బయల్దేరేటప్పుడు అన్న చెయ్యి పట్టుకుంటే వేళ్ల కొసలు మెత్తగా తగిలాయి. గిటార్ ఏమైందని అడిగే ధైర్యం నాకు లేదు. అన్నకు క్షమాపణ ఎప్పుడైనా చెప్పుకోవచ్చు, అతను నవ్వి ఊరుకుంటాడు. అవ్వ సంగతే ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో మనుషుల్ని సరిగ్గా గుర్తుపట్టలేని స్థితిలో కూడా, "శీనుగాని పాటను నేను దా పోగొడితి" అని రెండుసార్లు అంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. కాదవ్వా అని అనలేదు.