పాట మధ్యలో ఇరవై సెకన్లు: సత్తుపల్లికి ఒక శనివారం

ఈ ప్రయాణానికి కారణం నా నోటి దురుసే. నేను ఖమ్మంలో ఉంటూ తెలుగు ర్యాప్ ఆల్బమ్‌ల మీద సమీక్షలు రాస్తుంటాను. సత్తుపల్లి పక్కన బొగ్గు గని దగ్గరి ఊళ్లో ఉండే నవీన్, ఏ కంపెనీ అండా లేకుండా, ఈమధ్యే తన రెండో ఆల్బమ్ ‘రెండో షిఫ్టు’ విడుదల చేశాడు. మొదటిదాన్ని నెత్తిన పెట్టుకున్న సమీక్షకులమే దీన్ని చీల్చి చెండాడాం. ముఖ్యంగా ‘గోడ’ అనే పాటను. అందులో ఒక వాక్యం సగంలో తెగిపోతుంది. ఇరవై సెకన్లు ఏ శబ్దమూ ఉండదు. తర్వాత మిగతా సగం వస్తుంది. ఒకరు ఎడిటింగ్ లోపమన్నారు. నేను నాలుగాకులు ఎక్కువ చదివినదాన్ని కదా, ‘చెప్పడానికి ఏమీ లేనివాడు ఖాళీని అమ్ముకుంటున్నాడు’ అని రాశాను. పాటకన్నా ఆ మాటే ఎక్కువమందికి చేరింది. వారం తర్వాత నవీన్ మెసేజ్ పెట్టాడు: “అక్కా, ఆ ఖాళీ తీసేసి పాటను ఆదివారం మళ్లా పెడుతున్న. దానికంటే ముందు మిమ్మల్ని ఒక్కసారి ఇంటికి తీస్కరమ్మని మా అమ్మ ఒకటే పోరు. శనివారం మధ్యాహ్నం రెండింటిలోపు రాండ్రి.” తిట్లు తినడానికి సిద్ధపడే బయల్దేరాను.

ఉదయం తొమ్మిదిన్నరకు ఖమ్మంలో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వైరా, తల్లాడ, కల్లూరు మీదుగా రెండుంపావు గంటల్లో సత్తుపల్లి. తెలంగాణ ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్. కిటికీ పక్క సీటు మాత్రం ఆధార్‌తో రాదు, పరుగెత్తాల్సిందే. కల్లూరు దాటాక వరి పొలాల మధ్య పామాయిల్ తోటలు కనిపిస్తాయి. సత్తుపల్లి బస్టాండు ఎదుట పప్పు, గోంగూర పచ్చడితో భోజనం చేశాను, తొంభై రూపాయలు. అక్కడి నుంచి ఊళ్లోకి షేర్ ఆటో, ముప్పై రూపాయలు. ఎవరింటికని డ్రైవర్ అడిగితే చెప్పాను.

“ర్యాప్ నవీనా? మొదటి ఆల్బమ్ మస్తుండె మేడం. రెండోదాంట్ల అంతా మా గురించే ఉంది, ఇంక దాంట్ల వినేదేముంది?” అన్నాడు. మా సమీక్షలన్నిటికన్నా ఇదే నిజాయితీగా ఉందనిపించింది.

నవీన్‌ది రెండు గదుల ఇల్లు. వాళ్లమ్మ సుజాతమ్మ, పక్కింటి రమణమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. నన్ను లోపలికి తీసుకెళ్లారు, నవీన్ టీవీ పక్కన నిలబడి ఉన్నాడు. నీళ్లిచ్చి, నేను తాగేదాకా ఆగి, సుజాతమ్మ మొదలుపెట్టింది.

“నువ్వు రాసిన మాట మావోడి మనసుల మేకు లెక్క దిగింది బిడ్డా. అన్నం సయిస్తలేదు. పాటను కోస్తనంటుండు. ఆ ముక్క కోసినంక ఇంక అది మా ఇంటి పాట...”

గని సైరన్ మోగింది. ఆమె ఆగిపోయింది. లేచి అలమరలోని స్టీలు గ్లాసులు ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది. నవీన్ టీవీని రెండు చేతులతో పట్టుకున్నాడు. సైరన్ ఆగింది. ఎవరూ కదల్లేదు. నాకు మాత్రం ఏదో ఒకటి అనాలనిపించి నోరు తెరిచాను, రమణమ్మ చెయ్యి చూపించి ఆపింది. అప్పుడు గనిలో పేలుడుకు ధన్‌మని నేల అదిరింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి.

“...కాదు” అంది సుజాతమ్మ, గ్లాసులు మళ్లీ పైన సర్దుతూ.

ఇందాకటి మాటే పూర్తి చేసిందని, పాటలోని ఖాళీ కూడా ఇదేనని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. “ఈ సంగతి ఎక్కడైనా ఒక్క ముక్క చెప్పొచ్చు కదా నవీన్?” అన్నాను.

“ఇక్కడ అందరికీ ఎరికే గదక్కా. చెప్పాలని కూడా తట్టలే” అన్నాడు.

కోసిన పాట అప్పటికే సిద్ధంగా ఉంది. ఎట్లా వచ్చిందో వినమని ఫోన్లో పెట్టాడు. నిజం చెప్పాలంటే, నేను సమీక్షలో కోరుకున్నట్టే ఉంది, ఎక్కడా అతుకు తెలియలేదు. కానీ వాక్యం తెగాల్సిన చోటు రాగానే ఆడవాళ్లిద్దరూ ఊపిరి బిగబట్టారు. పాట మాత్రం ఆగకుండా పరుగెత్తింది.

“ఇంకా పేలనే లేదు, అప్పుడే పాడుతుండేందిరా?” అంది రమణమ్మ గాభరాగా.

నవీన్ పకపకా నవ్వాడు. నేను వచ్చిన తర్వాత అతను నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే ఆ ఫైలు చెరిపేశాడు. “ఆదివారం ఏం పెట్టనక్కా. పాతదే ఉంటది” అన్నాడు. సుజాతమ్మ లోపలికెళ్లి కొడుక్కి అన్నం పెట్టుకొచ్చింది.

నా సమీక్ష తీసేయలేదు. ఆ వాక్యం రాసింది నేనే, దాచుకోవడం మర్యాద కాదు. దాని కిందే జరిగిందంతా రాశాను. మూడో పాట, ఏడో పాట సాగదీతే అన్న మాట మాత్రం మార్చుకోలేదు, అది నవీన్ ఎదుటే చెప్పాను. ‘గోడ’ను ఇంటికొచ్చాక మళ్లీ విన్నాను. ఆ ఇరవై సెకన్లూ నేనూ ఊపిరి బిగబట్టాను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఒంటిగంటన్నరకల్లా ఊరు చేరుకోండి, ఆ తర్వాత పేలుళ్ల కోసం గని వైపు దారి ఆపేస్తారు. మీతో మాట్లాడుతున్న మనిషి సగంలో ఆగిపోతే ఆ మాటను మీరు పూర్తి చేయబోకండి. కాసేపు ఆగితే వాళ్లే చెబుతారు.