మాడ్రిడ్ నుంచి లిస్బన్‌కి ఇరవై నిమిషాలు

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయని వైటూకే పని ముమ్మరంగా సాగుతున్న రోజులు. సిడ్నీలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఒక ట్రావెల్ ఏజెన్సీ కోసం, యూరప్‌లో ఏ రెండు ఊళ్ల పేర్లు కొట్టినా మధ్య దూరమెంతో, విమానంలో ఎంతసేపో చూపించే పేజీ నా నెత్తిన పడింది. యూరప్ నేనెప్పుడూ చూసిందీ లేదు.

ఒక సోమవారం ఏజెన్సీ ఆవిడ ఫోన్ చేసింది. మాడ్రిడ్ నుంచి లిస్బన్‌కి ఐదువందల కిలోమీటర్లు, ప్రయాణం ఇరవై నిమిషాలు అని వస్తోందట. తిరుగు ప్రయాణం మాత్రం రెండు గంటల ఇరవై నిమిషాలట.

మా టీమ్ లీడ్‌ది ఏలూరు. పదేళ్ల ముందే వచ్చి స్థిరపడ్డాయన. నా సీటు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఏమ్మా, తేదీల్లో సంవత్సరాన్ని నాలుగంకెలకి మార్చింది నువ్వేగా? అక్కడే ఏదో కెలికుంటావు. చూడు."

మూడు రోజులు చూశాను. ఇంటి దగ్గర టూంగాబీ స్టేషన్లో రైలు దిగేసరికి రోజూ ఆలస్యమే. నా కోడ్‌లో తప్పు లేదు. నాలుగో రోజుకి దొరికింది. విమానాల టైములు ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటాయి. ఏ దేశానికి ఏ టైమో రాసుకున్న మా పాత టేబుల్లో మాత్రం స్పెయిన్‌కీ పోర్చుగల్‌కీ ఒకటే టైము అని ఉంది. పోర్చుగల్ కొన్నేళ్లు అలాగే ఉండి, మళ్లీ గంట వెనక్కి వెళ్లిపోయిందట. టేబుల్ని ఎవరూ మార్చలేదు. అందుకే వెళ్లేటప్పుడు ఒక గంట తగ్గి, వచ్చేటప్పుడు ఒక గంట పెరుగుతోంది.

చెబితే ఆయన నమ్మలేదు.

"పక్కపక్క దేశాలమ్మా. గుంటూరుకీ విజయవాడకీ టైము తేడా ఉంటుందా?"

"వేసవిలో మనకీ పక్క రాష్ట్రంలో బ్రిస్బేన్‌కీ గంట తేడా వస్తుంది కదండీ."

"అది వేరు."

నాకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రం ఆరు దాటాక, గైడ్‌బుక్‌లో నంబరు వెతికి, ఆయన ముందే స్పీకర్ పెట్టి లిస్బన్‌లో ఒక హోటల్‌కి ఫోన్ చేశాను. అక్కడ టైమెంతని అడిగితే రిసెప్షన్ అమ్మాయి "తొమ్మిదీ పది" అంది. మాడ్రిడ్ హోటల్లో పదీ పన్నెండు అన్నారు.

ఆయన గడ్డం గోక్కున్నారు. "సరే, ఆ ఒక్క రూటుకి గంట సర్దెయ్."

"టేబులే మార్చాలండీ. లేకపోతే రేపు పోర్టోకీ ఇదే వస్తుంది."

"టేబుల్ ముట్టుకుంటే అన్నీ మళ్లీ టెస్ట్ చెయ్యాలి. టైము లేదు. చెప్పింది చెయ్."

చేశాను. తప్పెక్కడుందో తానే కనిపెట్టానని ఏజెన్సీకి ఆయన మెయిల్ పెట్టారు.

వారం తిరక్కుండానే బార్సిలోనా నుంచి పోర్టోకి ముప్ఫై అయిదు నిమిషాలు అని వచ్చింది. ఆయన మళ్లీ నా సీటు దగ్గరికొచ్చారు.

"మళ్లీ ఏం కెలికావమ్మా?"

"నేను చెప్పాను, మీరు వద్దన్నారు," అన్నాను. నా గొంతు అనుకున్నదానికంటే పెద్దగా లేచింది. ఆయన "సరే, టేబుల్ మార్చెయ్" అని వెళ్లిపోయారు.

మార్చడానికి అరగంట పట్టింది. టెస్టింగ్ మర్నాడు మధ్యాహ్నానికి అయిపోయింది. గెలిచానన్న సంతోషమేమీ కలగలేదు. ఇంటికెళ్లి గిన్నెలు దభీదభీమని తోముతుంటే, మా అమ్మాయి "అమ్మా, టూ లౌడ్!" అని తలుపేసుకుంది.