జపాన్ ఈజిప్టును కొట్టిన రోజు

పిల్లల్ని విశ్వ పౌరులుగా తయారు చేయడం ఎలాగో మా వాళ్లకు ఒక గంట చెప్పండి సార్ అని మొన్న మా మండలం టీచర్లు ఫోన్ చేసినప్పటి నుంచి ఈ కబురు నా కడుపులో ఆగడం లేదు. పాలాయనకు చెప్పాను, బియ్యం తెచ్చిన ఆటో అతనికి చెప్పాను, ఇప్పుడు నా ఈడు వాళ్లయిన మీకు చెబుతున్నాను. మూడు తరాల వేలిముద్రల తర్వాత మా ఇంట్లో సంతకం నేర్చిన మొదటివాణ్ణి నేను, డిగ్రీ చదివినవాణ్ణీ నేనే, ఇలాంటి పిలుపు వస్తే ఊరికే ఎలా ఉంటాను. కాకపోతే ఆ విషయంలో నాకు తెలిసిన పాఠం ఒక్కటే, అది నెత్తుటితో మొదలైంది.

ఎనభైల చివర్లో మర్రిగూడ దగ్గరి ఒక ఊరి బడిలో టీచరుగా కొత్తగా చేరాను. అక్కడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిన పిల్లల పళ్లు పసుపుబారి, కాళ్లు వంకరపోయేవని మీకు వేరే చెప్పాలా. రెండు రోజులకోసారి మంచినీళ్ల ట్యాంకర్ వచ్చి బడి గోడ పక్కన ఆగేది. పై వాడ, కింది వాడ ఆడవాళ్లు బిందెలతో కుమ్ముకుంటుంటే మొగవాళ్లు కర్రలు పట్టుకుని వెనక నిలబడేవాళ్లు. తల పగలని వారం ఉండేది కాదు.

ఆ ఏడే నల్లగొండలో మాకు శిక్షణ పెట్టారు. పట్నం నుంచి వచ్చిన ఒకాయన ఒక ఆట నేర్పాడు. పిల్లలకు తలా ఒక దేశం పేరు పెట్టి, మధ్యలో బిందెడు నీళ్లు ఉంచి, లోకంలో మిగిలిన మంచినీళ్లు ఇవే, పంచుకోండి అనాలట. వాళ్లు మాట్లాడుకుని పంచుకుంటారట, లోకమంతా ఒక్క ఇల్లని వాళ్లకే తెలిసొస్తుందట. తిరుగు బస్సులో పక్క సీటాయనకు కూడా ఇదంతా వివరించి, మర్నాడే ఎనిమిదో తరగతిలో ఆడించాను. పై వాడ రైతు కొడుకు జపాన్, కింది వాడ దర్జీ బిడ్డ ఈజిప్టు. నేను చేసిన తప్పల్లా ఒకటే, బిందెలో ట్యాంకర్ నీళ్లు పోశాను. బోరు నీళ్లయితే వాళ్లు దాన్ని ఆట అనుకునేవాళ్లు.

మాటలు నిమిషం కూడా సాగలేదు. దర్జీ బిడ్డకు మూడేళ్ల తమ్ముడున్నాడు, వాడి మోకాళ్లు అప్పుడే లోపలికి తిరుగుతున్నాయి, బోరు నీళ్లు పోస్తే మంచాన పడతాడని దవాఖానలో చెప్పారు. ఆ పిల్ల నేరుగా వచ్చి బిందె గుంజుకుంది. జపాన్ రేకు కంపాస్ డబ్బా మూలతో ఆమె నుదుటి మీద కొట్టాడు. నెత్తురు బిందెలోకి కారింది. హెడ్మాస్టర్ ఈత బరిగె చీలిపోయేదాకా జపాన్‌ను బాదాడు.

సాయంత్రం ట్యాంకర్ వచ్చే వేళకు దర్జీ నా ముందు నిలబడ్డాడు.

"ఏం సారూ, నా బిడ్డను ఈజిప్టు అన్నరంట. గదేం తిట్టు?"

దేశం పేరన్నాను.

"దేశమైతే నెత్తి పలుగుతదా?"

వెనకనుంచి జపాన్ తండ్రి అందుకున్నాడు. "నీ బిడ్డ బిందె గుంజితె పలగదా మరి?"

ఆ తర్వాత నన్నెవరూ పట్టించుకోలేదు. రాళ్లు లేచాయి, కర్రలు లేచాయి. ఆపబోయిన ట్యాంకర్ డ్రైవర్ను కిందికి లాగి బిందెతో మూతి మీద కొడితే ముందు పళ్లు రెండు ఊడాయి. మధ్యలోకి దూరిన నా భుజం మీద ఇంకో బిందె పడింది. ఎండిన పత్తికట్టె విరిగినట్టు నా భుజం ఎముక విరగడం నాకే వినిపించింది. డ్రైవర్ నెత్తురు ఉమ్మి బండెక్కాడు.

"మీ ఊరికో దండం. మల్ల వస్తె నన్ను నా పేరుతోని పిలువకుండ్రి."

ట్యాంకర్ ఆగిపోయింది. దర్జీ ఇంట్లో పిల్లవాడికి బోరు నీళ్లే పోశారు. నాలుగో రోజు చెయ్యి మెడకు కట్టుకుని నేను క్లాసుకు పోతే, నుదుటి మీద కట్టుతో ఈజిప్టు లేచింది.

"మల్ల ఆడుదం సార్. గీసారి నీళ్లు లేకుంట."

ఖాళీ బిందె మధ్యలో పెట్టాను. ఆ రోజు వాళ్లు మాట్లాడుకున్నారు. పసిపిల్లలున్న ఇళ్లకు ముందు, ఆ తర్వాత పై వాడకొక బిందె, కింది వాడకొక బిందె అని తేల్చుకున్నారు. ఆదివారం జపాన్, ఈజిప్టు ఇద్దరూ నడిచి డ్రైవర్ ఇంటికి పోయారు. వాచిన మూతితోనే ఆయన, మీరిద్దరూ ట్యాంకర్ నల్లా దగ్గర నిలబడితేనే వస్తానన్నాడట.

ట్యాంకర్ తిరిగి వచ్చిన రోజు మొదటి బిందె దర్జీ ఇంటికి పోతుంటే, జపాన్ తండ్రి కర్ర ఎత్తి కొడుకు వీపు మీద నాలుగు దెబ్బలు వేశాడు. వాడు నల్లా మీంచి చెయ్యి తీయలేదు.

"నీ వంతు ఇంక రాలే, బాపు," అన్నాడు.

ఆ పసివాడి కాళ్లు పూర్తిగా చక్కబడలేదు గాని, మూడేళ్ల తర్వాత తన కాళ్ల మీదే నడిచి మా బడికొచ్చాడు.

ఇప్పుడు ఆ ఊళ్లో ఇంటింటికీ నల్లా వచ్చింది, పిల్లల పళ్లు తెల్లగా మెరుస్తున్నాయి, అంతకంటే ఏం కావాలి. అయినా పోయినప్పుడల్లా ఏదో వెలితిగా ఉంటుంది. పై వాడ పిల్లలొక బస్సులో ఒక బడికి, కింది వాడ పిల్లలొక బస్సులో ఇంకో బడికి పోతారు, గోడల మీద లోక శాంతి బొమ్మలు ఎంతో చక్కగా వేస్తారు. ఆ వాడ పిల్లల పేర్లు ఈ వాడకు తెలియవు. కొట్టుకోవడానికైనా సరే, ఒకరికొకరు ఎదురుపడే జాగా ఊళ్లో లేకుండా పోయింది.