సున్నం కొట్టిన నాలుగు రాళ్లు

మొన్న ఆషాఢంలో కంటి డాక్టరుకు చూపించుకుందామని మనవరాలి కారులో ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోతుండగా దారిలో టైరు పంక్చరయింది. డ్రైవరు చక్రం మార్చేంతసేపూ ఊరికే నిలబడలేక ఆ పిల్ల రోడ్డు అంచున పూసిన ఏదో పసుపుపచ్చ పువ్వు ముందు ఫోను పట్టుకుంది. కన్ను మూసి తెరిచేలోగా ఫోను ఆ మొక్క పేరు, దాని కుటుంబం, అది ఏ దేశం నుంచి వచ్చిందో అన్నీ చెప్పేసింది. మనవరాలు మురిసిపోయింది, నేను నవ్వాను. ఎందుకు నవ్వానో ఆ పిల్లకు చెప్పడం ముగిసేసరికి నంద్యాల వచ్చేసింది. ఇదే రోడ్డు మీద ఒకే ఒక్క మొక్క పేరు తెలుసుకోవడానికి మాకు పద్నాలుగు నెలలు పట్టింది మరి.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోబోతున్న ఏడు అది. నాకు ఇరవై ఒకటో ఏడు నడుస్తున్నది. ఎస్.ఎస్.ఎల్.సి. ఎలాగో గట్టెక్కి, రోడ్ల శాఖలో టెంపరరీ మేస్త్రీగా చేరి ఏడాది కూడా కాలేదు. శిరివెళ్ల దాటినప్పటి నుంచి ఆళ్లగడ్డ పొలిమేర దాకా ఉన్న రోడ్డు నాది. నాది అంటే దాని గుంతలు నావి, దాని మైలురాళ్లు నావి, దాని మీద పనిచేసే ఎనిమిది మంది గ్యాంగు కూలీలు నా మాట వినవలసిన వాళ్లు అని అర్థం. నిజానికి నేనే వాళ్ల మాట వినేవాణ్ని, ఎందుకంటే రోడ్డు పని వాళ్లకు తెలిసినంత నాకు తెలియదు. అప్పటికి అది తారు ఎరగని కంకర రోడ్డు. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బస్సు దిగి ఇంటికి పోయిన మనిషిని పెండ్లాం బిడ్డలు ఆనవాలు పట్టాలంటే ముందుగా మొహం కడుక్కోవలసి వచ్చేది.

శనివారం సాయంత్రం బస్సెక్కి నంద్యాలలో మా అక్క ఇంటికి పోయేవాణ్ని. మా బావ అక్కడి వ్యవసాయ క్షేత్రంలో చిన్న ఉద్యోగి. పత్తి చేలల్లో, జొన్న చేలల్లో మొలిచే కలుపు మొక్కల జాబితా రాయడం ఆయన పని. ఆఫీసు పని ఆఫీసులో వదిలి రాగలిగిన మనిషి కాడాయన. దారిన కనపడిన ప్రతి గడ్డిపరకనూ తెచ్చి, పాత పత్రికల నడుమ పెట్టి, రెండు పలకల మధ్య బిగించి, పైన బరువు పెట్టేవాడు. ఆ బరువు మా అక్క రుబ్బురోలు పొత్రం. వారం దినాలు పొత్రం మొక్కల మీద ఉంటే ఆమె ఊరిబిండి పచ్చడి ఎట్లా నూరుకోవాలి? ఆ ఇంట్లో మొగుడూ పెండ్లాల మధ్య నేను విన్న తగువల్లా ఇదొక్కటే. అక్క పొత్రం తీసేది, బావ పెట్టేవాడు, మళ్లీ తీసేది.

ఆదివారం పూట బావ సైకిలు మీద నా రోడ్డు వెంట తిరిగేవాడు. చేలల్లో నాగలి దేన్నీ మిగల్చదనీ, బీళ్లలో మేకలు మిగల్చవనీ, అటు చేనుకూ ఇటు రోడ్డుకూ కాకుండా ఉన్న ఆ పది అడుగుల పట్టీలోనే తాతల నాటి మొక్కలు ఇంకా బతుకుతున్నాయనీ ఆయన చెప్పేవాడు. నేను ఊ కొట్టేవాణ్ని. నాకు ఆ పట్టీ అంటే గడ్డీ కసువూ కోయించవలసిన చోటు, అంతే.

ఆ శ్రావణంలో మంచి వాన కురిసిన మూడో నాడు, ఒక ముళ్ల కలేపొద కింద బావ సైకిలు పడేసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. దారం లాంటి సన్నని తీగ పొదను చుట్టుకొని పైకి పాకింది. దానికి బొటనవేలంత పువ్వు. అడుగున బుడ్డిలా ఉబ్బి, నడుమ గొట్టంలా సన్నబడి, పైన అయిదు రేకులు విడిపోయి మళ్లీ కొసలు కలుపుకొని చిన్న పంజరంలా నిలబడ్డాయి. బావ చాకుతో ఒక పువ్వును నిలువుగా చీల్చి చూపించాడు. లోపల రెండు చిన్న ఈగలు ప్రాణాలతో తిరుగుతున్నాయి. గొట్టం లోపల కిందికి వంగిన నూగు ఉంటుంది, ఈగ దిగగలదు గానీ ఎక్కలేదు, పువ్వు వాడినాక నూగు ఎండి రాలితే బయటపడి ఇంకో పువ్వుకు పోతుంది, వాటికి అదొక రాత్రి బస అని ఆయన చెబుతుంటే, నెలల తరబడి రోజూ తిరిగే దారిలో ఇంత తతంగం నడుస్తున్నదా అని నేను మొదటిసారి నోరు తెరిచాను. వెతికితే ఆ చుట్టుపక్కల మొత్తం పదకొండు తీగలు దొరికాయి. ఆ తర్వాత మైళ్ల దూరం వెతికినా ఇంకొకటి కనపడలేదు.

దక్షిణాన ఎక్కడో దేశంలోని మొక్కలన్నిటినీ ఎండబెట్టి బీరువాల్లో దాచే పెద్ద ఆఫీసు ఒకటి ఉండేది. బావ ఒక పూల కొమ్మను వాళ్లకు పంపించాడు. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. అరుదైనదిగా తోస్తున్నది గానీ గడ్డా కాయా కూడా చూడనిదే పేరు చెప్పలేమన్నారు. అప్పటికి తీగలు ఎండి మట్టిలో కలిసిపోయాయి. కాయ కావాలంటే మళ్లీ వానలు వచ్చేదాకా ఆగాలి.

ఈలోగా ఇంకొకటి జరిగింది. పువ్వు దొరికిన నెలలోనే ఒక సోమవారం పొద్దున పోయి చూస్తే పదకొండు తీగల్లో ఏడింటి మొదళ్ల దగ్గర గుంతలున్నాయి. గ్యాంగును నిలబెట్టి అడిగితే, అందరూ అవ్వా అని పిలిచే పెద్దామె ఏ బెదురూ లేకుండా ముందుకొచ్చింది.

"నేనే తవ్వినా. నా కోడలికి కడుపుతో నోరు చేదుగా ఉండాదంటే ఇన్ని గడ్డలు తీసకపోయినా. చిన్నప్పట్నుంచీ తింటాండాం, దీంట్లో దొంగతనమేముండాదప్పా?"

ఆ ఆదివారం బావ వచ్చి ఆమెను కోప్పడతాడనుకున్నాను. ఆయన ఆమె ముందర గొంతుక్కూర్చొని, ఎట్లా తవ్వుతావో చూపించమన్నాడు. పెద్ద గడ్డ తీసుకొని, పక్కనున్న పిల్లగడ్డలను అదే గుంతలో పెట్టి మన్ను కప్పడం తన తల్లి నేర్పిందని అవ్వ అన్నది. బావ వేలితో మన్ను కదిపి చూస్తే నిజంగానే పిల్లగడ్డలున్నాయి. దీన్ని ఏమని పిలుస్తారని ఆశగా అడిగాడు.

"గడ్డకు పేరేందప్పా? గడ్డంటే గడ్డే."

ఆనాటి నుంచి మాకు కావలి మనిషి ఆమే.

మరుసటి వేసవిలో అసలు పరీక్ష వచ్చింది. రోడ్డుకు తారు వేస్తారని ఆర్డరు దిగింది. దానికి ముందు రెండు పక్కలా పెంచాలి, పెంచడానికి గరుసు మన్ను పక్క పట్టీలోంచే తవ్వాలి. మా ఓవర్సీరు గీసి ఇచ్చిన గుర్తుల్లో ఆ కలేపొద సరిగ్గా నడుమన పడింది. నాది టెంపరరీ ఉద్యోగం. నెలకొకసారి ఆయన సంతకం పెడితేనే మరో నెల. నంద్యాలకు పోయి చెబితే బావ మొక్క కోసం ఉద్యోగం పోగొట్టుకోవద్దన్నాడు. అక్క మాత్రం వంటింట్లోంచే అందుకుంది. "ఏడాదినుంచి నా పొత్రం ఆ కసువుకు ఇచ్చి కూచున్నా. ఇప్పుడు దాన్ని తవ్వేస్తారా? ఏమిరా, ఒక మాట అడిగితే ఆ ఓవర్సీరు నిన్ను మింగుతాడా?"

మింగుతాడనే నా భయం. ఆయన ఎవరితోనూ రెండు మాటలు ఎక్కువ మాట్లాడని మనిషి. అయినా మరుసటి పొద్దున ఆళ్లగడ్డలో ఆయన వాకిట్లో నిలబడి, మాటలు మింగుతూ సంగతి చెప్పాను. ఆయన టోపీ పెట్టుకొని సైకిలెక్కాడు, నేను వెనకాల పరుగున పోయాను.

అది మండే ఎండాకాలం. కలేపొద కింద ఎండిన బోదకసువు తప్ప ఏమీ లేదు.

"ఏదప్పా నీ మొక్క?"

"కిందుండాది సార్. వానొస్తే లేస్తాది."

"అంటే ఇప్పుడు లేదు."

"ఉండాది సార్. కనపడదు."

గ్యాంగులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మొహం చూసి నా ఉద్యోగం అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు అవ్వ, ఎవరూ చెప్పకుండానే, గడ్డపార కొసతో మెల్లగా మన్ను పెళ్లగించి నిమ్మకాయంత గడ్డ ఒకటి తీసి, కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. గోటితో పొట్టు గీకి, కొరికి, నమిలాడు. మేమందరం ఆయన దవడల వైపే చూస్తున్నాము.

"ఇవి ఇంకా ఉండాయా?" అన్నాడు.

ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. రుద్రవరం కొండ వారన తల్లితో కట్టెలకు పోయినప్పుడు ఆకలైతే ఈ గడ్డలే తినేవాళ్లమనీ, తర్వాత ఎక్కడా చూడలేదనీ నాతో కాదు, అవ్వతో చెప్పాడు. మిగిలిన ముక్క కూడా తిన్నాక మళ్లీ ఓవర్సీరు అయ్యాడు.

"గరుసు మాత్రం నాకు కావాల. యాడ నుంచి తెస్తావ్?"

వంక అవతల పాత గుంతలో కావలసినంత ఉందని అవ్వే చెప్పింది. రెండు ఫర్లాంగుల దూరం, ఎవరు మోస్తారని ఆయన అడిగాడు. అవ్వ గ్యాంగు వైపు తిరిగి, "ఏందప్పా, నోర్లు లేవా మీకు?" అంటే, ఒక్కొక్కరే తట్ట అందుకున్నారు. అయిదు దినాలు మోశాము. మేస్త్రీ తట్ట మోయకూడదని రూలు ఉందో లేదో గానీ నేనూ మోశాను. నా నడక చూసి ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు.

పోతూ పోతూ ఓవర్సీరు ఒక మాట చెప్పాడు. పొద చుట్టూ నాలుగు రాళ్లు పాతించి సున్నం కొట్టించమన్నాడు. సున్నం కొట్టిన రాయి కనపడితే సర్కారు పని అనుకొని ఏ కూలివాడూ తవ్వడు, ఏ ఆఫీసరూ అడగడు అన్నాడు. అదే జరిగింది, ఇంకా ఎక్కువే జరిగింది. పని తనిఖీకి జీపులో వచ్చిన పెద్ద ఇంజనీరు ఆ రాళ్ల దగ్గర బండి ఆపించి, తల ఊపి, చాలా శుభ్రంగా ఉందనీ మైలుకొకచోట ఇట్లాగే పెట్టించమనీ చెప్పి పోయాడు. ఎందుకు పెట్టారని మాత్రం అడగలేదు. ఓవర్సీరు నా వైపు చూడకుండా అటు తిరిగి నిలబడ్డాడు, ఆయన భుజాలు కదలడం నేను చూశాను. ఇక మా బావ సంబరం చెప్పనలవి కాదు. మైలుకు నాలుగు రాళ్లు ఎక్కడ పాతాలో చూపించే పని ఆయన మీద పడింది. ఒకచోట ఆకులు లేని కుందేటికొమ్ముల మొక్కల గుబురుకు, ఇంకొకచోట జానెడు కూడా ఎదగని తెల్లపూల మొక్కకు, మరొకచోట అవ్వ చూపించిన మందు తీగకు రాళ్లు పడ్డాయి. జీతం లేని ఆ ఉద్యోగాన్ని ఆయన చేసినంత ఇష్టంగా ఎవరూ ఏదీ చేసి ఉండరు.

వానలు పడ్డాయి. కలేపొద చుట్టూ ఈసారి పదమూడు తీగలు లేచాయి. గడ్డా, కాయా, పువ్వూ మూడూ ఆ ఆఫీసుకు పోయాయి. ఆశ్వయుజం చివర జాబు వచ్చింది. పలకడానికి నోరు తిరగని రెండు మాటల పేరు, కింద టైపు కొట్టిన నాలుగు పంక్తులు. ఈ మొక్క ఈ ప్రాంతంలో ఉన్నట్టు తమ దగ్గర దాఖలా లేదని, కాపాడవలసినదని, సేకరించిన వారికి కృతజ్ఞతలని. బావ ఆ కాగితాన్ని అక్కకు చదివి వినిపించి, మరునాడే ఆళ్లగడ్డ బస్సెక్కి వచ్చి రోడ్డు మీద అవ్వకూ చదివి వినిపించాడు. ఆమె ఓపికగా విని, అంత పేరు పెట్టి పిలిస్తే ఆ గడ్డ పలుకుతుందా అని అడిగి, తట్ట ఎత్తుకొని పోయింది.

మూడేళ్లకు నన్ను చాగలమర్రి వైపు మార్చారు. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు అయింది, పెండ్లి కూడా అయింది. తర్వాతి ఏళ్లలో అవ్వ, ఓవర్సీరు, బావ, అక్క ఒకరి వెనక ఒకరు పోయారు. రోడ్డు ఒకసారి కాదు, మూడుసార్లు వెడల్పయింది. ఆ కలేపొద ఉన్న చోటు ఇప్పటి రోడ్డులో ఏ వరుస కింద ఉందో నేను కూడా చెప్పలేను.

ఇందులో నాకు ఫిర్యాదు ఏమీ లేదు. కాన్పు కష్టమైన ఆడవాళ్లను ఎద్దుల బండి మీద నంద్యాలకు తరలించడం చూసినవాణ్ని, మంచి రోడ్డు విలువ నాకు తెలుసు. అయితే అప్పుడు రోడ్డుకు ఒక పక్క అనేది ఉండేది. ఎవరిదీ కాని ఆ పది అడుగుల మీద సంతకు పోయేవాళ్లూ, పెండ్లికి పోయేవాళ్లూ, ఊరికే పోయేవాళ్లూ నడిచేవాళ్లు, నడుస్తూ కిందికి చూసేవాళ్లు, ఏ కాయ తినవచ్చో ఏది తినకూడదో పిల్లలకు చెప్పుకుంటూ పోయేవాళ్లు. ఇప్పుడు తారు అయిపోయిన చోట కాలువ, కాలువ అయిపోయిన చోట ప్రహరీ గోడ, మిగిలిన జానెడు నేలలో వయ్యారిభామ కలుపు. నడిచే మనిషి లేడు. ఆ పక్కన అయిదేళ్లు నడిచినందుకు సర్కారు నాకు జీతం కూడా ఇచ్చిందంటే, తలుచుకున్నప్పుడల్లా నాకే నమ్మబుద్ధి కాదు.