పోస్టుమాన్‌కు అవ్వ కట్టిన మూట

మొన్న పొద్దున వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉంటే, పక్కన పెట్టుకున్న ఫోను టింగుమని ఒక్కసారి మోగి ఊరుకుంది. బడికి జడ వేసుకుంటున్న మా మనవరాలు వంగి చూసి, "అవ్వా, నీ దుడ్లు వచ్చేసిండాయి" అని చెప్పి, రిబ్బను నోట కరచుకుని అద్దం దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంటిని నడిపే ఆడవాళ్ళకని మా తమిళ రాష్ట్రంలో సర్కారువారు నెలనెలా బ్యాంకులో వేసే డబ్బు అది. దేనికి ఖర్చు పెట్టావని అడిగేవాళ్ళు లేరు, దానికి బదులుగా చేయవలసిన పనీ ఏమీ లేదు. కారమడైలో మేముండేది అద్దె ఇల్లు, మా అబ్బాయి లేత్ వర్క్‌షాపులో పని చేస్తాడు, వాడికి ఓవర్‌టైం ఉన్న నెల ఒకలా, లేని నెల ఒకలా గడిచే సంసారం మాది. రక్తపోటు మాత్రలకు వాడి ముందు చెయ్యి చాపకుండా బతుకుతున్నానంటే ఈ డబ్బు పుణ్యమే, కాదని ఎందుకంటాను? కానీ ఆ ఫోను టింగుమన్న ప్రతిసారీ నా చెయ్యి నాకు తెలియకుండానే ఎండుమిరపకాయల డబ్బా వైపు పోతుంది. అది మా అవ్వ నుంచి వచ్చిన అలవాటు.

మాది మదురైకి దక్షిణాన, బస్సు దిగి నల్లరేగడి బాటలో చాలాసేపు నడిస్తే వచ్చే ఊరు. వాన పడితే ఆ మట్టి కాళ్ళకు అంటుకుని చెప్పులంత మందాన పేరుకునేది, ఎండకు నెర్రెలు విచ్చి అందులో పడిన గోళీకాయ మళ్ళీ దొరికేది కాదు. ఇంట్లో తెలుగు, వీధి దాటితే తమిళం, బడిలో అంతా తమిళమే. తెలుగు అక్షరాలు నాకు పెళ్ళయ్యాక మా మామగారు పలక మీద దిద్దించారు కనుక ఈనాడు ఇలా రాయగలుగుతున్నాను కానీ, మా ఊళ్ళో మా ఈడు ఆడపిల్లల్లో తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం తెలిసినవాళ్ళు ఉండేవారు కారు.

అవ్వ అంటే మా అమ్మకు అమ్మ. ఆవిడకు ఇద్దరూ ఆడపిల్లలే, మా పెద్దమ్మా మా అమ్మా. ఇద్దరినీ ఉన్న ఊళ్ళోనే ఇచ్చింది. తాత పోయిన తరువాత చాలా ఏళ్ళు పత్తి ఏరడానికీ కలుపుకూ పోయి తన పొట్ట తానే పోసుకుంది. మోకాళ్ళు పట్టేసి ఇక వంగలేని రోజు వచ్చేసరికి, ఇద్దరు అల్లుళ్ళూ మాట్లాడుకుని, నెలకు ఒకరి ఇంట తినాలని ఏర్పాటు చేశారు. కొడుకులున్న తల్లికి అలా వంతులేసుకోవడం మాలో ఉన్నదే, ఎవరూ దాన్ని వింతగా చూడరు. అల్లుళ్ళ ఇంట కూడు తినడం మాత్రం మాలో తల కొట్టేసినంత పని.

ప్రతి అమావాస్య మరునాడు అవ్వ తన సత్తు పళ్ళెమూ చాపా చంకన పెట్టుకుని, మా ఇంటి నుంచి పెద్దమ్మ ఇంటికో, పెద్దమ్మ ఇంటి నుంచి మా ఇంటికో వీధి వెంట నడిచి వచ్చేది. ఎదురైనవాళ్ళతో పలకరింపుగా నవ్వేది కానీ పళ్ళేన్ని మాత్రం కొంగు కింద దాచుకునేది. మా నైన, అంటే మా నాన్న, చెడ్డవాడేమీ కాదు, ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అయినా ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ అవ్వ అన్నానికి కూర్చునేది కాదు. పిలిస్తే ఆకలి లేదనేది. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో ఎవరి నెలలో రోజులు ఎక్కువ వచ్చాయన్న దాని మీద అమ్మకూ పెద్దమ్మకూ మాటలు పెరిగి, బావి దగ్గర ఒకరి బిందె ఒకరు తాకకుండా మొహాలు తిప్పుకుని నీళ్ళు తోడుకున్న రోజులు నాకు జ్ఞాపకం. మధ్యలో అవ్వ, విననట్టు, గోడవారన కూర్చుని దూది నుంచి గింజలు వేరు చేస్తూ ఉండేది.

అప్పుడే దిక్కులేని విధవరాళ్ళకు సర్కారు నెలనెలా డబ్బు పంపుతుందని విని, మా బడి పంతులమ్మ అవ్వ పేరు రాయించింది. చాలా రోజులు ఏమీ రాలేదు, మేమూ మరచిపోయాం. ఒకనాడు పోస్టుమాన్ సైకిలు అరుగుకు ఆనించి, అవ్వ పేరు చదివి, వేలిముద్ర వేయమని నోట్లు చాపాడు. అవ్వ చెయ్యి వెనక్కు లాక్కుంది. "నేనేమి పని చేసి ఉండాను, నాకేంటికి దుడ్లు? ఇంకెవురికో రాసిండేది నాకిస్తుండావేమో, బాగా చూడప్పా" అంది. ఆయన తమిళాయన, మా తెలుగు సగం అర్థమై సగం కాక, "పాట్టీ, ఇదు ఉంగ పణందా" అని, అవ్వా ఈ డబ్బు మీదేనని నాలుగు మార్లు చెప్పి, చివరికి ఆవిడ బొటనవేలు తానే పట్టుకుని ముద్ర వేయించుకున్నాడు.

ఆ వారమే అవ్వ తన పాత ఇంటి తాళం తీసింది. ఒక్క గది, మట్టి గోడలు, తాత పోయినప్పటి నుంచి మూసి ఉన్న ఇల్లు. అమ్మా పెద్దమ్మా వద్దంటున్నా వినకుండా పొయ్యికి కొత్తగా మట్టి మెత్తింది, అలికింది, సంతలో ఒక కుండా ఒక గరిటే కొన్నది. ముసలామె చేతికి డబ్బిస్తే ఆకూ వక్కా నమిలి ఊసేస్తుందని వీధిలో కొందరు నవ్వారు. అవ్వ నిజంగానే ముందు ఆకూ వక్కా కొన్నది, వాళ్ళ ఎదురుగానే కూర్చుని నమిలింది. ఆ పైన సజ్జలు, చింతపండు, ఉప్పు. తన పొయ్యి మీద తన సంకటి దించుకుని మొదటి ముద్ద నోట పెట్టుకున్న రోజున అవ్వ ఎంత తిన్నదో చూసి మా అమ్మ కొంగు నోట కుక్కుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఆకలి లేదన్న మనిషి ఆవిడేనా!

డబ్బు ఎంతో కాదు. కానీ దానివల్ల మా అమ్మకూ పెద్దమ్మకూ పుట్టిల్లు దొరికింది. ఒకే ఊళ్ళో ఉండి కూడా వాళ్ళకు అంతవరకు అమ్మ ఇల్లు అన్నది లేదు, వంతు వేసుకునే అమ్మ ఉండేది, అంతే. ఇప్పుడు పొద్దు వాలాక ఇద్దరూ పనులు ముగించుకుని అవ్వ ఇంటికి పోయేవారు, ఆవిడ కరుపట్టి, అదే తాటిబెల్లం, వేసి కాఫీ పెట్టి ఇద్దరికీ ఇచ్చేది, ఒకరి తలలో ఒకరు పేలు చూసుకుంటూ నవ్వుకునేవారు. మా నైన కూడా ఒకసారి పిలవకుండానే వచ్చి, అత్తగారి ఇంట అల్లుడిలా దర్జాగా అరుగు మీద కూర్చుని అన్నం తిని వెళ్ళాడు. ఆ రోజు అవ్వ మొహంలో చూసిన వెలుగు నేను మళ్ళీ ఎవరి మొహంలోనూ చూడలేదు.

ఇక మూట సంగతి. మాలో ఎవరింటి నుంచైనా గిన్నెలో ఏదైనా వస్తే, ఆ గిన్నెను ఉత్తగా తిరిగి పంపం. ఏమీ లేకపోతే పిడికెడు ఉప్పయినా, చిటికెడు చక్కెరయినా వేసి పంపుతాం. అవ్వ లెక్కలో సర్కారు కూడా ఒక ఇల్లే. ఆ ఇంటి నుంచి నెలనెలా వస్తున్నది, తెచ్చే మనిషి ఉత్త చేతులతో వెనక్కు పోతున్నాడు, అది ఆవిడకు నిద్ర పట్టని బాధ. అందుకని ప్రతి నెలా ఎండుమిరపకాయలో, ధనియాలో, మినుములో ఒక గుడ్డలో మూట కట్టి ఉంచేది. ఆయన వద్దు పాట్టీ అంటూ సైకిలెక్కి పారిపోయేవాడు. అవ్వ నన్ను తరిమేది. నేను పావడా ఎత్తి పట్టుకుని పరుగెత్తి, ఊరి చివర ఆయన్ను అందుకుని, మూటను సైకిలు హ్యాండిలుకు తగిలించి వచ్చేదాన్ని. ఆయన నవ్వలేక ఏడవలేక నా వైపు చూసేవాడు.

ఎవరో పోయి పోస్టాఫీసులో చెప్పారు, ముసలివాళ్ళ డబ్బు ఇవ్వడానికి పోస్టుమాన్ సరుకు మూటలు గుంజుతున్నాడని. ఆ నెల ఆయన రాలేదు. విచారణ తేలేవరకు ఆయన్ను మా వీధికి పంపరన్నారు, బదులుగా ఇంకెవరూ రాలేదు. అవ్వ మొదట కుండలో ఉన్నది సరిపెట్టుకుంది, తరువాత గంజితో గడిపింది. ఒకనాటి పొద్దున నేను పోయేసరికి పొయ్యిలో బూడిద ఎత్తేసి, పళ్ళెమూ చాపా చంకన పెట్టుకుని గడప దాటుతున్నది. ఈసారి పళ్ళేన్ని కొంగు కింద దాచుకునే ఓపిక కూడా లేదు. పెద్దమ్మ ఎదురు వచ్చి ఆ పళ్ళెం అందుకుంది. తల్లీకూతుళ్ళిద్దరూ వీధి వెంట నడిచారు. చిన్నదాన్నయినా, ఆ వీధి అంత పొడుగ్గా నాకెప్పుడూ అనిపించలేదు.

కొన్నాళ్ళకు పోస్టాఫీసు నుంచి తెలుగు తెలిసిన ఆఫీసరు ఒకాయన వచ్చాడు. వెనకాలే మన పోస్టుమాన్, తల దించుకుని. వీధంతా గుమిగూడింది. ఈయన మీ దగ్గర ఏమైనా తీసుకునేవాడా అని ఆఫీసరు అడిగీ అడగకముందే అవ్వ, "ఇచ్చేది నేనుదా సామీ, నెల తప్పకుండా ఇస్తుండాను" అని గొప్పగా చెప్పేసింది. పోస్టుమాన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మా నైన తల పట్టుకున్నాడు. ఇవ్వకపోతే డబ్బు ఇచ్చేవాడు కాదా అని ఆఫీసరు మళ్ళీ అడిగాడు. అవ్వ నోరు వెళ్ళబెట్టి ఆయన్ను చూసింది. "ఆయప్ప దుడ్లిచ్చి పారిపోతాడు సామీ! ఈ పిల్లదా తరుముకొని పోయి తగిలిచ్చేది. మీ ఇంట్లో గిన్నె ఉత్తగా పంపుతారా ఏమి?" అంది. ఆఫీసరు నా వైపు తిరిగాడు. నేను అమ్మ చెంగు వెనక నుంచి ఔనన్నట్టు తల ఊపాను. ఆయన నవ్వాడు, ఆ నవ్వు చూసి పోస్టుమాన్‌కు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఇక మీదట ఒక్క మిరపకాయ ఇచ్చినా ఈయన ఉద్యోగం పోతుందని ఆఫీసరు గట్టిగా చెప్పాడు. తను మర్యాద అనుకున్నది ఒక సంసారి కంచం లాగేయబోయిందని తెలిసి, అవ్వ పోస్టుమాన్ చేతులు పట్టుకుని ఏడ్చింది.

డబ్బు మళ్ళీ వచ్చింది, పొయ్యి మళ్ళీ వెలిగింది. మూట కట్టడం మానేసింది కానీ అవ్వ పెట్టడం మానుకోలేదు. డబ్బు వచ్చే రోజున పెద్ద కుండ నిండా సజ్జ అంబలి కాచి, మజ్జిగా ఉల్లిపాయా కలిపి అరుగు మీద పెట్టేది. గొర్రెలు తోలేవాడు, గాజులమ్మేవాడు, చేనికి పోయే కూలీలు, ఎవరు వీధిలో పోతే వాళ్ళకు చెంబు అందించేది. పోస్టుమాన్ కూడా సైకిలు దిగి, అందరితో పాటే నిలబడి తాగిపోయేవాడు. అందరూ తాగేదాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. ఆ పైన అవ్వకు హాయిగా నిద్ర పట్టింది.

అవ్వ పోయి ఎన్నేళ్ళో అయింది. ఇప్పుడు అలాంటి డబ్బే నాకూ వస్తున్నది, ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా, ఎవరి గుమ్మం ముందూ నిలబడకుండా వస్తున్నది. ఇది మా అమ్మ కాలంలో ఉండి ఉంటే ఆవిడ ఎన్ని బాధలు తప్పించుకునేదో. అన్నీ నిజమే. కానీ తెచ్చేవాళ్ళు లేరు. మన ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుంది, సంతోషం వచ్చినప్పుడు ఎదురుగా ఒక మొహం ఉండాలి, కూర్చోమనడానికి ఒక మనిషి ఉండాలి. ఫోనుకు ఏమి తాగమని ఇస్తాం?

మొన్న మనవరాలు బడికి వెళ్ళాక ఊరుకోలేక సజ్జ అంబలి కాచాను. మజ్జిగ పోసి, ఉల్లిపాయ తరిగి వేసి, చెంబుతో సహా వాకిట్లో పెట్టుకుని కూర్చున్నాను. పార్సిలు తెచ్చిన ఒకతన్ని తాగి పొమ్మన్నాను, తలమీద హెల్మెట్టు తీయకుండానే టైం లేదు పాట్టీ అని వెళ్ళిపోయాడు. ఎదురింటి ఆమె ఎవరిదైనా తద్దినమా అని అడిగింది. పొద్దెక్కింది, ఎండ గడప దాకా వచ్చింది. చివరికి ఆ చెంబు నేనే ఎత్తి తాగాను. పులుపు బాగా కుదిరింది. అవ్వ చేతి రుచే వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి మాత్రం వీధిలో ఎవరూ లేరు.